మామగారి మెచ్చుకోలు

మామగారు ఎవరినీ మెచ్చుకున్న పాపాన పోలేదు. ఆయన చేసిన ఉద్యోగమే అలాంటిది. టీపొడి కంపెనీలో రుచి చూసే పని. పొడవాటి బల్ల మీద వరసగా పెట్టిన కప్పుల్లోంచి చెంచాడేసి జుర్రుమని పీల్చి, నోట్లో తిప్పి, పక్కనున్న పాత్రలో ఉమ్మేసి, "ఆకు ఆరబెట్టడం కుదర్లేదు", "దార్లో సంచి తడిసింది" అని తప్పులు పట్టినందుకు ఆయనకి నెలనెలా జీతం ఇచ్చేవారు. పదవీ విరమణ అయ్యాక అదే పని ఇంట్లోవాళ్ళకి ఉచితంగా చేసిపెట్టారు.

పెద్దల్లుడు పెళ్ళికి ముందు తన చేత్తో టీ పెట్టి ఇస్తే, ఆయన ఒక గుక్క తాగి, కాసేపు గోడ వంక చూసి, "నీళ్ళు బాగున్నాయి" అన్నారు. ఆ మాట అల్లుడి గుండెలో ముల్లులా ఉండిపోయింది. అతను బాత్రూం టైల్స్ దుకాణానికి మేనేజరు. "మీ అభిరుచి ఎవరికొస్తుంది సార్" అంటూ పొద్దస్తమానం లోకాన్ని పొగిడి బతికే మనిషి. అలాంటివాడికి సొంత మామగారి నోటి నుంచి ఒక్క మంచి మాట రాలదంటే, బాధగా ఉండదూ?

అలాంటిది, ఆ ఏడు మామగారికి విషజ్వరం వచ్చింది. తగ్గాక కొన్నాళ్ళు ఉండి కోలుకుంటారని పెద్దకూతురు తమ ఇంటికి తీసుకొచ్చింది. ఆమెది కళ్ళజోళ్ళ దుకాణంలో చూపు పరీక్షించే ఉద్యోగం. ఆయన వచ్చిన వారంలోనే ఇంట్లో ఒక వింత మొదలైంది. కాఫీ ఇస్తే "బాగుంది" అన్నారు. ఉప్మాలా ముద్దకట్టిన నూడుల్స్ పెడితే "బాగుంది" అన్నారు. ఆదివారం అల్లుడు సరదాపడి పుట్టగొడుగుల సూపు కాచాడు. అది అడుగంటింది. భార్య ఒక చెంచా తాగి గిన్నె పక్కకి నెట్టేసింది. మామగారు మాత్రం గిన్నె ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, "అద్భుతం అల్లుడుగారూ!" అన్నారు.

"ఏమన్నారు?" అన్నాడు అల్లుడు, వినపడక కాదు.

"అద్భుతం అన్నాను."

ఆ రోజు నుంచి అల్లుడు నేల మీద నడవడం మానేశాడు. జ్వరం మనిషిలోని అహంకారాన్ని కడిగేస్తుందని భార్యకి వివరించాడు. తనలో ఇన్నాళ్ళూ నిద్రపోయిన కళాకారుడెవరో ఉన్నాడని కూడా చెప్పాడు. అంతకు రెండ్రోజుల ముందు స్టవ్ మీద పాలు మాడి, వంటిల్లంతా పొగ కమ్ముకుంటే, పక్క గదిలోనే కూర్చున్న నాన్న పేపర్లోంచి తల కూడా ఎత్తకపోవడం ఆమె మనసులో మాత్రం ఎక్కడో కలుక్కుమంటూనే ఉంది.

కళాకారుడికి సూపు సరిపోలేదు. కాక్‌టెయిల్ చెయ్యాలనుకున్నాడు. వోడ్కా, నిమ్మరసం, చక్కెర. అంతే, మూడే వస్తువులు. ఎవరైనా చెయ్యొచ్చు అనిపించేంత సులువైనది కాబట్టే అందరూ పాడుచేస్తారని ఫోన్‌లో చూసిన వీడియోలో ఒక గడ్డం మనిషి చెప్పాడు. అల్లుడు అందరిలాంటివాడు కాదు కాబట్టి వెంటనే వెళ్ళి మెరిసే స్టీలు షేకరు కొనుక్కొచ్చాడు. అద్దం ముందు నిలబడి అందులో నీళ్ళు పోసి ఊపడం సాధన చేశాడు. మూత ఎగిరి అద్దానికి తగిలింది. అద్దం బతికింది.

మొదటి ప్రయత్నానికి ఫ్రిజ్ తలుపులో ఎప్పట్నుంచో ఉన్న సీసా నిమ్మరసం వాడాడు. భార్య రుచి చూసి, "గిన్నెలు తోమడానికి పనికొస్తుంది" అంది. తరవాత తాజా నిమ్మకాయలు తెచ్చి, పిప్పి కూడా ఏడ్చేదాకా పిండాడు. చేదొచ్చింది. ఇంకోసారి చక్కెర నేరుగా వేశాడు. చల్లటి మందులో అది కరుగుతుందా? గ్లాసు అడుక్కి చేరి హాయిగా పడుకుంది. అప్పుడు చక్కెరా నీళ్ళూ సమానంగా కలిపి పాకం కాచి, చల్లార్చి సీసాలో పెట్టుకోవాలని తెలిసింది. దాంతోపాటు 'బ్యాలెన్స్' అనే మాట కూడా తెలిసింది. ఇక ఆ మాటని వదిలితే ఒట్టు. గోడకీ నేలకీ ఒకే రంగు టైల్స్ అడిగిన కొనుగోలుదారుకి కూడా, వోడ్కాకీ నిమ్మకీ ఉండాల్సిన బ్యాలెన్స్ గురించి చెప్పాడట. ఆయన టైల్స్ వేరే దుకాణంలో కొనుక్కున్నాడు.

చూసేవాళ్ళు లేని పొగడ్త ఎందుకు పనికొస్తుంది? అందుకని శనివారం సాయంత్రానికి తోడల్లుణ్ణి పిలిచాడు. చిన్నల్లుడు కట్టుడు పళ్ళు తయారుచేస్తాడు. ఎవరు ఏం పెట్టినా తినే, ఏం పోసినా తాగే ఉత్తముడు. మామగారి జ్వరం మందులన్నీ ఎప్పుడో అయిపోయాయి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నాలుక మొద్దుబారుతుందని ఆయన మందు ముట్టలేదు గానీ, ఇప్పుడు ఒక గ్లాసు పుచ్చుకోవడానికి అభ్యంతరమేమీ లేదన్నారు.

అల్లుడు చొక్కా చేతులు మడిచాడు. షేకర్లో అన్నీ పోసి, ఐసు వేసి, ఇంట్లో భూతాన్ని వదిలిస్తున్నట్టు ఊపాడు. వడకట్టి, గ్లాసు అంచుకి నిమ్మతొక్క చుట్ట తగిలించి, మామగారి చేతికిచ్చి, తోడల్లుడి వైపు 'ఇప్పుడు చూడు' అన్నట్టు చూశాడు.

మామగారు 'అద్భుతం' అన్న మాట పెదాల మీద సిద్ధంగా పెట్టుకుని గ్లాసెత్తారు. ఒక గుక్క మింగి ఆగిపోయారు. కనుబొమలు ముడిపడ్డాయి. మళ్ళీ గ్లాసెత్తి, ఈసారి జుర్రుమని పీల్చారు. జ్వరం వచ్చాక ఆయన దగ్గర వినపడని చప్పుడు అది. వంటింట్లో ఉన్న కూతురు గరిటె పట్టుకునే బయటికొచ్చింది.

"పులుపు ఎక్కువైంది" అన్నారు మామగారు.

"అంటే?" అన్నాడు అల్లుడు.

"అంటే, పులుపు ఎక్కువైంది అల్లుడుగారూ. ఇందులో అర్థంకానిదేముంది?"

అల్లుడు మొహం మాడ్చుకుని, పాకం ఇంకాస్త పోసి ఇంకొకటి కలిపాడు. మామగారు పీల్చారు. "ఇప్పుడు తీపి ముందుకొచ్చి నిలబడింది. మందు ఎటు పోయిందో కబురే లేదు."

మూడోది కలిపేటప్పుడు వాదనలో ఐసు కాస్తా కరిగింది. "పల్చబడింది. అంత సన్నటి ఐసు వేస్తే ఏమవుతుంది మరి?" అన్నారాయన. గొంతులో విసుగుంది. కళ్ళల్లో మాత్రం విసుగు లేదు.

కాదన్న గ్లాసులన్నీ చిన్నల్లుడు ఒక్కొక్కటిగా తన వైపు జరుపుకుంటున్నాడు. "పారబొయ్యడం ఎందుకులే అన్నయ్యా, నాకు బ్యాలెన్స్ పట్టింపు లేదు" అన్నాడు.

పెద్దల్లుడికి ఒళ్ళు మండింది. "మామగారూ, నాకు తెలీక అడుగుతాను. మాడిపోయిన సూపు అద్భుతం అన్నారు. నేను చచ్చీచెడీ నేర్చుకుని చేసింది మీకు నచ్చలేదా? పోనీ, వీడి ముందు నా పరువు తియ్యాలని ఇన్నాళ్ళూ ఆగారా?"

మామగారు గ్లాసు బల్ల మీద పెట్టేశారు. "సూపు మాడిందా?" అన్నారు మెల్లిగా.

కూతురు వచ్చి ఆయన పక్కన కూర్చుంది. "నాన్నా, మొన్న పాలు మాడినప్పుడు కూడా నీకు తెలీలేదు కదూ?"

ఆయన కాసేపు నిమ్మతొక్కని వేళ్ళ మధ్య తిప్పారు. తరవాత దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని, దించేశారు. "ముక్కు పోయిందమ్మా" అన్నారు.

చిన్నల్లుడు ఆయన ముక్కు వైపు పరీక్షగా చూసి, "ఉందిగా" అన్నాడు. మూడు గ్లాసులు తాగినవాణ్ణి ఎవరూ ఏమీ అనలేదు.

"జ్వరం తగ్గాక మొదటిసారి టీ తాగాను. వేడినీళ్ళే. పొడి మార్చమని నీకు చెప్పాను, మార్చావు. మళ్ళీ వేడినీళ్ళే. అప్పుడర్థమైంది, పాడైంది పొడి కాదని" అన్నారు మామగారు.

"చెప్పొచ్చు కదా నాన్నా!"

"ఏమని చెప్పను? ఇన్నేళ్ళూ ఊరందరి టీలకీ వంకలు పెట్టినవాణ్ణి. ఇప్పుడు నాకు టీకీ సున్నంనీళ్ళకీ తేడా తెలీదని చెప్పుకోనా? పోనీ, ఎప్పట్లా ఏదో ఒక తప్పు పడదామంటే ఏది పట్టాలో తెలిసేది కాదు. మెచ్చుకోవడానికైతే ఏమీ తెలియక్కర్లేదు కదా. అందుకని మెచ్చుకున్నాను."

కాఫీ, నూడుల్స్, సూపు. అల్లుడు కూడబెట్టుకున్న మెచ్చుకోళ్ళన్నీ ఒక్క మాటతో ఆవిరైపోయాయి. అతను షేకరు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. కోపం తెచ్చుకుందామని చూశాడు గానీ రాలేదు.

"మరి దీని రుచి ఎలా తెలిసింది?" అంది కూతురు.

"పులుపు, తీపి, గొంతులో మంట, చల్లదనం. వీటికి ముక్కుతో పెద్దగా పనిలేదు తల్లీ. ఈ మందుకి అసలు వాసనే తక్కువంటారు కదా, నాకూ దానికీ సరిపోయింది. ఇన్నాళ్ళకి నా నోట్లో ఏదో ఉందని తెలిసింది. దాంతో ఊరుకోలేకపోయాను." ఆయన అల్లుడి వైపు తిరిగారు. "అబద్ధం చెప్పడానికి మనసొప్పలేదు. ఏమీ అనుకోకండి."

అల్లుడు షేకరు మూత తీశాడు. "పులుపు ఎంత తగ్గించమంటారు?" అన్నాడు.

"తగ్గించకండి. అదే కొలత ఉంచి, తీపిని దానికి ఒక పిసరు తక్కువలో ఆపండి. మందు పులుపుకి రెట్టింపు. ఐసు పెద్ద ముక్కలు వెయ్యండి. చేతికి చలి పుట్టేదాకా ఊపి, మాటలు లేకుండా వెంటనే వడకట్టండి."

'మాటలు లేకుండా' అన్నది అన్నింటికన్నా కష్టమైన షరతు. అయినా అల్లుడు పాటించాడు. షేకరు మీద మంచు పేరుకుని వేళ్ళు కొంకర్లు పోయేదాకా ఊపి, వడకట్టి ఇచ్చాడు. ఆయన పీల్చారు. నోట్లో తిప్పారు. ఉమ్మకుండా మింగారు.

"పర్వాలేదు" అన్నారు.

అల్లుడు ఏదో పనున్నట్టు వంటింట్లోకి వెళ్ళి, కడిగిన చేతులే మళ్ళీ కడుక్కున్నాడు. భార్య చూసీ చూడనట్టు ఊరుకుంది. బయట చిన్నల్లుడు మాత్రం, ఇది పారబొయ్యరా అని నిరాశగా అడుగుతున్నాడు.

సోమవారం అల్లుడు దుకాణానికి సెలవు పెట్టి మామగారిని చెవి-ముక్కు-గొంతు డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు. అలాంటి జ్వరాల తర్వాత ఇలా జరగడం మామూలేననీ, వాసన తిరిగి రావచ్చు, రాకపోవచ్చు, కచ్చితంగా చెప్పలేననీ అందావిడ. లవంగం, గులాబీ లాంటి నూనెల చిన్న సీసాలు కొనుక్కుని, పొద్దునా సాయంత్రం వాసన చూస్తూ ఉండమంది. ముక్కుకి కసరత్తు అన్నమాట.

దుకాణానికి వెళ్ళేముందు అల్లుడు రోజూ ఆయన ఎదురుగా కూర్చుని మూతలు తీసేవాడు.

"ఇది లవంగం మామగారూ."

"మీరు చెప్తే నమ్మాలా?" అనేవారాయన. నమ్మేవారు కాదు. అయినా కళ్ళు మూసుకుని పీల్చేవారు. నెలలు గడిచాయి. సీసాలు సగానికి వచ్చాయి. ముక్కుకి మాత్రం చలనం లేదు. శనివారాలు ఒక గ్లాసు, దాని మీద ఒక విమర్శ. అంతవరకే ఆయన లోకం.

ఒక పొద్దున అల్లుడు గులాబీ సీసా అందించాడు. మామగారు పీల్చి, చటుక్కున తల వెనక్కి లాక్కున్నారు. మొహమంతా చిట్లించుకుని, "ఇదేం కంపు? ఉల్లిపాయ కుళ్ళినట్టుంది! ఎక్కడ కొన్నారు దీన్ని? మీకు ఏదో అంటగట్టాడు వాడు" అన్నారు.

అల్లుడు సీసా లాక్కుని తనూ పీల్చి చూశాడు. శుభ్రమైన గులాబీ. వెంటనే డాక్టరమ్మకి ఫోన్ చేశాడు. పోయిన వాసన తిరిగొచ్చేటప్పుడు మొదట్లో ఇలా తప్పుగా తెలుస్తుందనీ, ఇది మంచి లక్షణమనీ ఆవిడ చెప్పింది.

భార్య బయటకెళ్ళే చెప్పులతోనే గదిలోకి పరిగెత్తుకొచ్చి, "నాన్నా, మళ్ళీ చూడు, మళ్ళీ చూడు" అంటూ ఆ సీసాని ఆయన ముక్కు కింద పెట్టింది. ఆయన తల అటూ ఇటూ తిప్పుతూ, "చంపేస్తారా ఏంటి నన్ను!" అని కేకలేస్తున్నారు. అల్లుడు వరండాలో నిలబడి, వీధంతా వినపడేలా తోడల్లుడికి ఫోన్‌లో శుభవార్త చెబుతున్నాడు.

"తమ్ముడూ, విన్నావా? మామగారికి కంపు కొడుతోందట!"