తెల్లదిబ్బ మట్టి

శుక్రవారం ఇల్లు అలకడానికి మట్టి తడుపుతుంటే సర్వే సార్ మా వాకిట్లోకి వచ్చాడు. మా ఊరి బంగారు గని మూతపడి ఇరవై ఏళ్లు దాటింది. మిగిలింది ఒక పెద్ద గుంత, అందులో నీళ్లు, పక్కనే రాయి పిండిచేసి పారబోసిన తెల్లదిబ్బ. దేనివల్ల ఎంత ప్రమాదమో రాసుకోవడానికి ఆయన మూడు కాగితాలు తెచ్చాడు. గుంతకొకటి, నీళ్లకొకటి, దుమ్ముకొకటి.

నా భర్త కేశవ మంచం వాల్చి, "సార్‌కు నీళ్లు తేపో," అన్నాడు. తెచ్చిచ్చి, మళ్లీ మట్టి దగ్గర కూర్చున్నాను. తాగడానికి మేము పట్టుకునేవి ట్యాంకరు నీళ్లే. ఆ మాట చెప్పేలోపే ఆయన చెంబు పక్కన పెట్టి తన సీసా మూత తిప్పాడు.

"ఆ దిబ్బలో విషం ఉంది. పిల్లల నోట్లోకి పోతే మరీ ప్రమాదం. ఇళ్లలోకి ఎలా వస్తోంది?"

"గాలికి సార్. ఇంగెట్లొస్తాది?" అన్నాడు కేశవ.

నా చేతులు మట్టిలోనే ఆగిపోయాయి. కాపురానికి వచ్చిన మొదటి వారమే అత్త లక్ష్మీనరసమ్మ గంప చేతికిచ్చి నన్ను తెల్లదిబ్బకు పంపింది. జల్లెడ పట్టినంత మెత్తటి మట్టి. గుంత నీళ్లు పోసి అలికితే ఆరినా పగలదు. "మా కోడలు అలికితే నేల మీదే బువ్వ పెట్టుకోని తినొచ్చు," అని అత్త వీధంతా చెప్పేది. ఆమె నన్ను మెచ్చుకున్నది అదొక్కదానికే. ఆ నేల మీదే నా బిడ్డ పాకింది. గోడ మూల గీరి నోట్లో పెట్టుకుంటే నవ్వుతూ వేలితో తీసేదాన్ని. పద్నాలుగో నెలలో పోయింది. "నీ పాలల్లోనే ఏమో ఉండాది మే," అంది అత్త. రెండేళ్లు నమ్మాను. ఇప్పుడు మళ్లీ నాకు ఐదో నెల.

సార్ మూడో కాగితం మీద 'గాలి' అని రాసుకుంటున్నాడు.

"గాలి కాదు సార్," అన్నాను.

"నీకేం తెలుసు మే? లోపలికి పో," కేశవ కసిరాడు.

గడపలోంచి అత్త. "ఏమే త్రివేణీ, శుక్రవారం పూట పని ఇడ్సిపెట్టి మాటలా?"

"దిబ్బ మట్టి, గుంత నీళ్లు కలిపి ఆడోళ్లం వారంవారం ఇండ్లు అలుకుతాండాం సార్. ఈ ఇంట్లోకి గాలి తేలేదు. నేనే తెచ్చినా."

లేచి, సార్ తాగని చెంబు నీళ్లతో చేతులు మోచేతుల దాకా కడుక్కున్నాను.