కొత్తగా వచ్చిన మార్పు

ఆసుపత్రిలో మెదడు పరీక్ష కోసం మామగారి తలకు అంటించిన తీగలన్నీ తీసేసి టెక్నీషియన్ వెళ్లిపోయింది. జుట్టులో మిగిలిన జిగురు తుడిచే పని ఇంకెవరికి, కోడలికే మిగిలింది. తడి తువ్వాలుతో రుద్దుతుంటే తెల్లటి పేస్టు ముద్దలు ముద్దలుగా ఆమె వేళ్లకి అంటుకుంది. కన్నకొడుకు మాత్రం పక్కనే నిలబడి ఫోను చూసుకుంటున్నాడు. "మెల్లగా తుడువు, నాన్నకి నొప్పెడుతుంది" అన్నాడు తలెత్తకుండానే. ఆహా, ఏం ప్రేమ!

పొద్దున బయల్దేరేటప్పుడే తేల్చేశాడా మహానుభావుడు. "మతిమరుపు జబ్బేనంటే నువ్వు ఉద్యోగం మానెయ్యాల్సిందే. ఇంట్లో మనిషంటూ ఉండాలి కదా!" ఆ మనిషి మాత్రం కొడుకైన తను కాదట. మొన్ననే ఆమెకి ప్రమోషన్ వచ్చిన సంగతి ఆయనకి గుర్తే లేదు. ఆ మతిమరుపుకి ఏ తీగలు అంటించాలో మరి.

డాక్టరమ్మ మొగుడూపెళ్లాలిద్దర్నీ లోపలికి పిలిచి కంప్యూటర్‌లో గీతలు చూపించింది. "మెదడు తరంగాలు కాస్త నెమ్మదించాయి. కానీ వీటిని మాత్రమే చూసి జబ్బని తేల్చలేం. మనిషిలో ఏం మారిందో ఇంట్లోవాళ్లే చెప్పాలి" అంది.

భర్త అందుకున్నాడు. "చాలా మారిపోయారండీ. కూరలో ఉప్పు తగ్గితే కంచం విసిరేస్తారు. మా ఆవిణ్ణి నోటికొచ్చినట్టు తిడతారు. పాపం, తెలిసి చేసేది కాదు."

పాపమట! ఆమెకి ఒళ్లు మండిపోయింది. పెళ్లయిన కొత్తలో గోడకి తగిలిన మొదటి కంచం ఇంకా కళ్లముందే ఉంది. మెతుకులు ఏరింది తనే, గోడ కడిగింది తనే. "పెద్దాయన, సర్దుకుపో" అని అప్పుడన్న నోరే ఇప్పుడు "జబ్బు మనిషి, సర్దుకుపో" అంటోంది. ఛీ, ఎంత తేలిగ్గా మాట మార్చాడు!

డాక్టరమ్మ కలం తీసింది.

"అది రాయకండి" అందామె. "అది జబ్బు కాదండీ. నేను కాపురానికొచ్చినప్పటినుంచీ ఆయనంతే."

"మరి కొత్తగా ఏం మారింది?"

"ఇంటి దారి మర్చిపోతున్నారు. అడిగిందే అడుగుతున్నారు. ఇంకా... ఈమధ్య వంటింటి గుమ్మంలో నిలబడి, 'అమ్మా, నువ్వు తిన్నావా?' అన్నారు. ఇన్నేళ్లలో నన్నెన్నడూ అలా అడగలేదు. అది కొత్త. అది రాసుకోండి."

బయటికి రాగానే "పరువు తీశావు" అని భర్త పళ్లు కొరికాడు.

ఆమె తువ్వాలు తెచ్చి అతని చేతిలో పెట్టింది. "చెవుల వెనక జిగురు ఇంకా ఉంది. మీ నాన్నే కదా, తుడవండి. రేపట్నుంచీ మీరే. నాకు ఆఫీసుకి టైమైంది."