జువ్విచెట్టు మెట్లు

డెబ్భై రెండు కరువులో ధర్మసాగర్ చుట్టుపక్కల మేక నోటికందే ఆకన్నది మిగల్లేదు. పెద్దోళ్ల కొట్టాల్లో గడ్డి ఉంది, మేకలోళ్లకు ఎవరిస్తారు? చెరువు దాపున ఉన్న ముసలి జువ్విచెట్టే దిక్కయింది యాకయ్యకు. దాని మొద్దుకు కుక్కగొడుగులు మొలిచాయి, రొట్టెల్లా వెడల్పుగా, చెక్కలా గట్టిగా, ఒకదానిపై ఒకటి. వాటినే మెట్లు చేసుకుని, గొడ్డలి భుజాన వేసుకుని ఒక పెద్ద కొమ్మ మీదికి ఎక్కాడు.

"చెట్టే నిచ్చెన పెట్టింది సూడే!" అన్నాడు కిందున్న పెళ్లాం సమ్మమ్మతో.

రెండు మండలు నరికాడు. మేకలన్నీ కొమ్మ కిందికి చేరాయి, వాటి నడుమ సమ్మమ్మ. మూడో దెబ్బకు గొడ్డలి తడిసిన అటుకుల్లోకి దిగినట్టు మెత్తగా దిగబడింది. వంగి చూశాడు. కొమ్మ అడుగునంతా అవే కుక్కగొడుగులు. లోపలంతా పొట్టు. కొమ్మ కిర్రుమంది.

యాకయ్య వెనక్కి పాకి మొద్దును కావలించుకున్నాడు. కొమ్మ కిర్రుమంటూనే ఉంది.

"సమ్మీ, జరుగు! కొమ్మ ఇరుగుతాంది!"

ఆమె తలైనా ఎత్తలేదు. "ఆఁ, ఇరుగుతది. మొన్న యాపచెట్టు మీదికెల్లి గిట్లనే అంటివి. నేనురికితె పండ్లికిలిస్తివి."

"నీ కాళ్లు మొక్కుత, ఇయ్యాల నిజమే!"

"మొక్కుదువు గని, ఇంకో మండ కొట్టు."

ఏం చెప్పినా నమ్మదు. ఇక ఒక్కటే దారి.

"మీ అవ్వ దొంగదే! మన పెండ్లిల మా కడియం ఎత్కపోయింది మీ అవ్వనే!"

సమ్మమ్మ మండను నేలకు కొట్టింది. "నీ నోట్లె మన్ను వడ! సచ్చిన మా అవ్వనంటవా? నీ మేకలు నువ్వే కాస్కో!"

గిరుక్కున తిరిగి నడిచింది. రోజూ కుడితి పెట్టేది ఆమే, మేకలు ఆమె వెంటే పోయాయి.

కొమ్మ ఫెళ్లున కూలింది. మొద్దంతా వణికింది. యాకయ్య కాలు జారి, ఒక కుక్కగొడుగు మీద ఆగింది. అదీ కదులుతోంది.

సమ్మమ్మ వెనక్కి ఉరికొస్తోంది.

"రాకు! రాకే! చెట్టంత బోలు!"

ఆమె ఆగలేదు. మొద్దుకు ఆనుకుని నిలబడింది. "నా భుజం మీద అడుగెయ్."

కాలు కిందికి చాపేలోగా కుక్కగొడుగు ఊడింది. ఇద్దరూ దుమ్ములో పడ్డారు. అది ఊడిన చోటు నుంచి పొట్టు ధారగా రాలుతోంది. మోకాళ్ల మీద పాక్కుంటూ దూరం జరిగారు.

"ఇప్పుడను," అంది సమ్మమ్మ రొప్పుతూ. "మా అవ్వనేమన్నవ్?"

యాకయ్య ఆమె కాళ్ల వైపు జరిగి, నిజంగానే మొక్కాడు.