మా ఆయన బ్యాడ్జి మీది మాట

నా రాతలో తప్పులుంటే మన్నించండి. అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. ఒక్కో వాక్యానికి ఒక్కో పూట పడుతోంది.

మా ఆయన గొడుగుల ఫ్యాక్టరీలో, చెకింగ్ గదిలో ముప్ఫై ఏళ్ళు పనిచేశారు. అక్కడొక పద్ధతి ఉంది. ప్రతి ఉద్యోగికీ వాళ్ళ తీరును చెప్పే ఇంగ్లీషు మాట ఒకటిచ్చి బ్యాడ్జి మీద రాయిస్తారు. ఒక మాట ఒక్కరికే. మనిషి పోతే మాటను స్టోరుకి అప్పగించాలి. మా ఆయన మాట మెటిక్యులస్.

ఆయన పోయిన రెండో వారంలో స్టోరు గుమాస్తా ఇంటికి వచ్చాడు. యూనిఫాం, బీరువా తాళంచెవి, మాట, మూడూ ఇవ్వాలని కాగితం చూపించాడు.

"బట్టలు తీసుకెళ్ళు నాయనా. మాట ఎవరికి పనికొస్తుంది?" అన్నాను.

"మేనేజరు గారి అల్లుడు అడుగుతున్నారు పెద్దమ్మా. ఆయనకి ఇప్పుడున్నది పంక్చువల్. దాంతో పొద్దున్నే లేవాల్సి వస్తోందట."

ఆ అల్లుడు నాకు తెలుసు. గుండీలు ఒక కన్నం తప్పించి పెట్టుకుని పెళ్ళికి వచ్చాడు, అదీ తన పెళ్ళికే. అతని జేబు మీద మా ఆయన మాట వేలాడితే చూసి తట్టుకోవడం నావల్ల కాదు.

"ఇవ్వకుండా ఉండే దారే లేదా?"

గుమాస్తా కాగితం తిప్పి చూశాడు. "ఉంది. భార్య ఆ మాట అర్థం, పుట్టుక చెప్పి, దానితో సొంతంగా ఒక వాక్యం రాసి చూపిస్తే మాట ఇంట్లోనే ఉంటుంది. మూడు నెలలు గడువు."

"మా అత్తయ్యది వేలిముద్ర," అంది కోడలు వంటింట్లోంచి.

"అయితే బ్యాడ్జి తుడిచి సిద్ధంగా ఉంచండి," అని అతను వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమే కోడలు పలక కొనుక్కొచ్చింది.

"'ఝ' రాయమంటే దారపుండ చిక్కు పెట్టారేంటత్తయ్యా?"

"నీ జడ కంటే నయంలే."

మూడో నెలలో కోడలు లావుపాటి నిఘంటువు తెచ్చింది. చిన్న చిన్న వాటిలో కూడా అతి జాగ్రత్తగా ఉండటం అని అర్థం చెప్పింది. "లాటిన్‌లో మెటుస్ అంటే భయమట. మొదట్లో ఈ మాటకి పిరికి అనే అర్థమట. పోనుపోను తప్పు జరుగుతుందేమోనని భయపడేవాళ్ళకి, చివరికి జాగ్రత్తపరులకి వచ్చిందట."

మా ఆయన తాళం వేసి పదిసార్లు లాగి చూస్తే చాదస్తమని ముప్ఫై ఏళ్ళు తిట్టాను. ఆయన భయపడుతున్నారని ఒక్కనాడూ తోచలేదు.

గడువు చివరి రోజున స్టోరు కౌంటరు దగ్గర మేనేజరు, అల్లుడు, గుమాస్తా కూర్చున్నారు. అల్లుడు పిన్నీసు తెచ్చుకున్నాడు. నేను అర్థం చెప్పాను, పుట్టుక చెప్పాను.

"అంటే ఆయన పిరికివాడన్నమాట," అని నవ్వాడు అల్లుడు.

"అవును బాబూ. ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళు వానలో తడుస్తారేమోనని ఆయనకి భయం. నీకు ఆ భయం లేదు."

మేనేజరు దగ్గాడు. నేను కాగితం అందుకున్నాను. గుమాస్తా రెండు టీలు తాగేసరికి వాక్యం పూర్తయింది. "నా భర్త మెటిక్యులస్ మనిషి, వెయ్యి గొడుగులు తెరిచి చూసినా తర్వాతి దానిలో ఊచ విరిగి ఉంటుందేమోనని భయపడేవారు."

మేనేజరు చదివి, రూల్సు పుస్తకం తిరగేశాడు. "వాక్యం బాగుందమ్మా. కానీ పోయినవాళ్ళ మీద ప్రయోగం చెల్లదు. బతికున్నవాళ్ళ గురించే రాయాలి."

అల్లుడు పిన్నీసు విప్పాడు. ఇంకో కాగితం అడిగి ఇలా రాశాను. "ఈ వాక్యంలో తప్పుందేమోనని ఏడుసార్లు చూసుకున్నాను కాబట్టి నేను మెటిక్యులస్."

గుమాస్తా అక్షరం అక్షరం వేలితో చూసి, "చెల్లుతుంది సార్," అన్నాడు.

"చెల్లితే చిక్కే," అన్నాడు మేనేజరు తల గోక్కుంటూ. "మాట ఉన్నవాళ్ళు డ్యూటీలో ఉండాలి. మాటతోపాటు కుర్చీ కూడా వస్తుంది. సోమవారం ఎనిమిదింటికల్లా వచ్చెయ్యండమ్మా."

ఆ సోమవారం నుంచి మా ఆయన కుర్చీలో కూర్చుని గొడుగులు తెరుస్తున్నాను. కుర్చీ నాకు ఎత్తు, కాళ్ళు నేలకి అందవు. కుర్చీ కోళ్ళు కోయించి ఇస్తామన్నారు. వద్దన్నాను.

ఇట్లు,
మెటిక్యులస్ పెద్దమ్మ,
వయసు అరవై మూడు,
చాకిరేవు సందులో మూడో అంతస్తు, కోడలి దగ్గర.