తీరిక గలవారి చదువు

కొత్త చింతపండు కొట్టుకు చేరే ముందు దాని మీద ఇంటి కోడలి చెయ్యి పడాలని తమిళనాడు ధర్మపురిలో ఆ షావుకార్ల ఇంటి ఆచారం. చెయ్యి పడటమంటే తాకి, దణ్ణం పెట్టి లేవడం కాదు. మూటలకు మూటలు గింజ తీయాలి. గోళ్ల సందులు మండాలి. గౌరవం కాబట్టి కూలి ఊసెత్తకూడదు.

షర్మిళ గింజ తీస్తూ ఉంటే, భర్త యువనేశ్ చెప్పుల్లో కాలు పెడుతూ తేలిగ్గా అన్నాడు. "నిన్న మీ ఫిలాసఫీ మేడం ఫోన్ చేసింది. నువ్వు స్నానానికి పోయింటివి. గ్రీకంతా వద్దు, ఫిలాసఫీ ఒగటి చాలని చెప్పేసినా. సుమ్మా ఎందుకు రెండు దిక్కుల అలైచ్చల్, ఊరికే ఈ తిరుగుడు?"

ఆమె చెయ్యి ఆగింది. ఆ పీహెచ్‌డీ సీటు రెండు విభాగాలది. పాత గ్రీకు నేర్పేది భాషల విభాగం, దాంతో వాదించడం నేర్పేది తత్వశాస్త్రం. వారంలో సగం చెన్నైలో ఉండాలి. గ్రీకు మానేస్తే ఇంట్లోనే కూర్చుని, కుక్కర్ విజిళ్లు లెక్కపెట్టుకుంటూ, ఎవరో చేసిన అనువాదాలు చదువుకోవచ్చు. యువనేశ్ ఎంతో ప్రేమగా సర్దిపెట్టింది అదే. ఇంటర్వ్యూలో ఆ విభాగాలు కూడా తక్కువ తినలేదు. నీ ప్రశ్న వాళ్లదని వీళ్లు, వీళ్లదని వాళ్లు. పుట్టింట్లో 'ఆ ఇంటి పిల్ల', ఇక్కడ 'ఎవరింటి నుంచో వచ్చింది' అనిపించుకోవడం అలవాటే కనుక ఆమె బెదరలేదు, రెండు చోట్లా ఒప్పించుకుని వచ్చింది. ఆలోచించడానికి తీరిక కావాలని ఆ పాత గ్రీకు పెద్దలు రాసుకున్నారు. ఆ తీరిక గురించి వాళ్ల మాటల్లోనే చదవాలని ఆమె ఆశ. ఒంటి మీద నాలుగు చెంబులు పోసుకుని వచ్చేలోగా ఆ సీటులో సగం పోయింది. ఆమెకు ఒళ్లు మండింది.

గొంతు మాత్రం పెంచలేదు. చేతులు కడుక్కుని, అతని ముందే ఫోన్ తీసి, తమిళంలో నెమ్మదిగా చెప్పింది. "మేడం, నిన్న మీరు విన్నది మా ఇంటాయన అభిప్రాయం. నాది వేరే. గ్రీకు క్లాసుకూ వస్తాను." అవతల ఆవిడ సంతోషంగా సరేనంది.

యువనేశ్ ఒక చెప్పుతోనే నిలబడిపోయాడు. వంటింటి గడపలోంచి అత్త కనకవల్లి అంది. "చదువుకో, వద్దనేదెవురు? అయితే నువ్వు పోతే ఈ పనంతా ఎవురు చేస్తారే?"

షర్మిళ చింతపండు బుట్టను భర్త వైపు జరిపింది.

"తీరిగ్గా కూర్చుని ఆలోచించిన ఆ గ్రీకోళ్లను అడగాల్సిందీ అదే, అత్తా. దానికే పోతుండాను."