సినిమా హాలు రేకులు

1994 జులై పదమూడు, బుధవారం, మధ్యాహ్నం రెండున్నర. డొమింగా వంటింట్లో పీట వేసుకుని చిలగడదుంపలకి చెక్కు తీస్తోంది. చేతులు దుంపల మీద, పెదవులు జపమాల మీద. బయట సన్నటి జల్లు. కప్పు మీద మౌత్ ఆర్గాన్ మోగుతోంది.

సన్న జల్లుకి మౌత్ ఆర్గాన్, కాస్త పెద్ద వానకి ఈల, కుండపోతకి గుర్రాల పరుగు. వడగళ్ళు పడితే తుపాకులు. ఆరేసిన బట్టలు ఎప్పుడు తీయాలో కూతురు హెర్మీనా కిటికీలోంచి చూసేది కాదు, పైన ఏ పాట మొదలైందో వినేది. పక్కింటివాళ్ళకున్న అభ్యంతరమల్లా ఒక్కటే. ఆదివారం పూట ఈ ఇంట్లో అందరూ చేరి ప్రార్థన చేస్తుంటే, సరిగ్గా "ఆమెన్" అనే వేళకి పైన ఎవడో ఎవణ్ణో కాల్చేస్తుంటాడని.

ఆ కప్పు రేకులు బాగియో పట్నంలో సినిమా హాలువి. నాలుగేళ్ళ కిందట భూకంపం వచ్చినప్పుడు హాలు బీటలు వారి, దాన్ని పడగొట్టేస్తుంటే, డొమింగా భర్త బల్తాసార్ క్యాబేజీ దింపిన లారీలోనే రేకులు వేసుకొచ్చాడు. ఏళ్ళ తరబడి వాటి కింద కౌబాయ్ సినిమాలే ఆడాయి.

ఆ కొండల్లో కౌబాయ్ టోపీ లేని మగాడు ఉండడు. క్యాబేజీ, క్యారెట్ పండించుకునే వాళ్ళే అందరూ, గుర్రం ఎక్కినవాడు ఒక్కడూ లేడు. అయినా పెళ్ళయినా పేరంటమయినా గిటారు అందుకుంటే వచ్చేవి ఆ బాణీలే. మాటలు మాత్రం సొంతం. క్యాబేజీ ధర పడిపోయిందని ఒక పాట, మలుపులో లారీ మొరాయించిందని ఒక పాట, బాగియో వెళ్ళిన పిల్ల తిరిగి రాలేదని ఒక పాట. బల్తాసార్ కుర్రతనంలో తెల్లారేసరికి సరుకు దింపేసి, ఇంకా మట్టి కాళ్ళతోనే హాల్లో దూరేవాడు.

ఆ రోజుల్లో ఆ హాల్లో ఆటకింత టికెట్టని లేదు. ఒకసారి కొంటే పొద్దస్తమానం కూర్చోవచ్చు. ఎవరికి వీలైనప్పుడు వాళ్ళు, సినిమా మధ్యలో వచ్చేవాళ్ళు. చివరిదాకా చూసి, మళ్ళీ మొదట్నుంచి చూసి, తాము అడుగుపెట్టిన చోటు తెరమీదకి రాగానే పక్కవాణ్ణి మోచేత్తో పొడిచి, "ఇక్కడే కదా మనం వచ్చింది" అని లేచేవాళ్ళు. అక్కడ లేవకపోతే మర్యాద కాదు. గోడవారన జనం నిలబడి ఉంటారు మరి.

దుంపలు పొయ్యి మీదకెక్కేసరికి మౌత్ ఆర్గాన్ పోయి ఈల వచ్చింది. ఆ ఈల వెంటే ఊరికి పెద్ద అయిన కాప్టెన్ సీనోత్ గొడుగు మడుస్తూ గుమ్మంలోకొచ్చాడు. డొమింగాని అక్కా అన్నట్టు మానాంగ్ అంటాడు.

"మానాంగ్ డొమింగా, లేవండి. మీ ఇంటి వెనక కొండ పగిలింది. నా చెయ్యి పట్టేంత సందు. అందరూ బడికి వెళ్తున్నారు."

డొమింగా పొయ్యి దగ్గర్నుంచి ఇటు తిరిగింది. చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. "ముందు ఆయన్ని లేపు నాయనా" అంది.

బల్తాసార్ కిటికీ పక్క కుర్చీలో కాఫీ తాగుతూ, మోకాలి మీద తాళం వేస్తున్నాడు. ఇంట్లో కూడా టోపీ తీయడు.

"అపో, వెళ్దాం" అన్నాడు కాప్టెన్, పెద్దాయనకిచ్చే మర్యాదంతా ఇస్తూ.

"మీరెళ్ళండి. భూకంపానికే కదల్లేదీ కొండ."

"అప్పుడు కదిలింది కాబట్టే ఇప్పుడు పగిలింది!"

"చూడు సీనోత్, నేను మధ్యలో లేచే మనిషిని కాను. నేను వచ్చిన చోటు ఇంకా రాలేదు."

"ఇది సినిమా కాదు నాన్నా!" హెర్మీనా దుప్పట్ల మూట కడుతూ అరిచింది.

"పైన వింటున్నావుగా. మరేంటది?"

కాప్టెన్ నెత్తి కొట్టుకున్నాడు. ఇంకా ఏడిళ్ళవాళ్ళని లేపాలి. హెర్మీనాని, మూటని, కోడిపెట్టల బుట్టని వెంటబెట్టుకుని దిగిపోతూ, "మానాంగ్, మీరైనా రండి" అన్నాడు.

"ఆయన లేకుండా ఎక్కడికి వస్తాను?" అంది డొమింగా. అన్నాక గానీ ఆమెకి తోచలేదు, కూతురు వినే చివరి మాట అదే అయిపోతుందేమో అని. కూతురి వంక చూసి చేత్తో పొమ్మని సైగ చేసింది.

ఇద్దరే మిగిలారు. వాన ముదిరింది. గుర్రాలు దిగాయి.

"లాకాయ్" అంది ఆమె. ముసలాయనా అని అర్థం. పెళ్ళయిన మర్నాటి నుంచీ అదే పిలుపు. "నీకు దణ్ణం పెడతాను. లే."

"కంగారు పడకు బాకెత్." అది ముసలిదానా అని. "రేకుల్ని వదిలి ఆ బడిలో ఏం వినను? పిల్లల ఎక్కాలా?"

"రేకులు నన్ను కన్నాయా, నిన్ను కన్నాయా? ఇంత మొండితనం మీ అమ్మ ఎక్కడ మోసిందో!"

"మా అమ్మనెందుకు లాగుతావ్, పాపం పోయినామె."

ఆమె గరిటె కింద పెట్టేసింది. బల్ల మీది మరియమ్మ పటం తీసి పైటకొంగులా కట్టుకున్న శాలువాలో చుట్టుకుంది. అతని పక్కన స్టూలు మీద కూర్చుంది. మనిషిని లాగి తీసుకెళ్ళే బలం తనకి లేదు, వదిలి వెళ్ళే మనసూ లేదు. తల్లీ, ఈయన చెవి తప్ప ఇంకేదీ పనిచెయ్యదు, ఆ చెవిలోనే ఏదైనా చెప్పు అనుకుంది. వెనక గోడ ఒకసారి మూలిగింది. చూరు నుంచి మట్టి రాలి కాఫీలో పడింది. బల్తాసార్ వేలితో దాన్ని తీసేసి మరో గుక్క తాగాడు.

పైన గుర్రాలు పరిగెత్తుతూనే ఉన్నాయి. వాటి మీదుగా ఈల లేచింది. వాన ఏమాత్రం తగ్గలేదు. కానీ ఆ ఈల సగంలో తెగింది. గుర్రాలు ఆగాయి. అంత కుండపోతలోనూ, కప్పు మీద ఒక్క గిటారు తీగ, ఒంటరిగా, మెల్లగా మోగింది.

నాలుగేళ్ళలో ఆ ముక్క ఆ ఇంట్లో ఎన్నడూ వినబడలేదు.

డొమింగాకి ఆ రోజు కళ్ళ ముందుకొచ్చింది. చీకటి హాలు. పిన్ని పక్కన తను. తడిసిన గోనెసంచి వాసనతో ఒక కుర్రాడు వరసలోకి దూరి, తన కాలు తొక్కి, "తప్పైపోయింది, తప్పైపోయింది" అంటూ పక్క సీట్లో కూలబడ్డాడు. అప్పుడు తెరమీద మోగుతున్నది ఈ తీగే.

బల్తాసార్ తల వంచి విన్నాడు. కాఫీ కప్పు కింద పెట్టి, మోచేత్తో ఆమెని పొడిచాడు.

"ఇక్కడే కదా మనం వచ్చింది."

లేచాడు. టోపీ తీసి గుండెకి ఆనించుకుని, వెనకవాళ్ళకి అడ్డం రాకుండా నడుం వంచి, "కాస్త దారివ్వండి, కాస్త దారివ్వండి" అని గొణుగుతూ ఖాళీ గదిలో కుర్చీల మధ్య నుంచి నడిచాడు. డొమింగా అతని చొక్కా అంచు పట్టుకుని వెనకే వెళ్ళింది. ఆమె కూడా వంగే నడిచింది. అలా గుమ్మం దాటారు, మెట్లు దిగారు, వానలో రోడ్డు మలుపు దాకా వెళ్ళారు. అక్కడ గానీ అతను నడుం నిటారు చేయలేదు.

అప్పుడు కొండ దిగింది. పెద్ద చప్పుడేం కాదు. బరువైన మనిషి నిట్టూర్చి మంచం మీద వాలినట్టుంది. ఇల్లున్న చోట ఇల్లు లేదు.

డొమింగా రోడ్డు మధ్యలో మోకాళ్ళ మీద కూర్చుండిపోయింది. శాలువాలో మరియమ్మని గట్టిగా అదుముకుని నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియలేదు. బల్తాసార్ తన చేతిలోని టోపీ ఆమె నెత్తిన పెట్టాడు.

బడిలో హెర్మీనా ఇద్దర్నీ చూసి దుప్పటి మూట వదిలేసి పరిగెత్తుకొచ్చింది. తండ్రి గుండెల మీద రెండు చేతులా గుద్ది, ఆ చేతులతోనే వాటేసుకుంది. ఎవరో వేడి కాఫీ ఇచ్చారు. ఎవరో పొగబెట్టిన పందిమాంసం వేసి కోడి ఉడికించారు. ఊరందరి తలలూ లెక్కకొచ్చాక కాప్టెన్ సీనోత్ గోడకి చేరగిలబడ్డాడు.

"అయితే అపో, నేను బతిమాలితే లేవలేదు, రేకు చెబితే లేచారు."

"నువ్వు అపస్వరంలో చెప్పావురా" అన్నాడు బల్తాసార్.

బడి అంతా నవ్వింది. డొమింగా అందరికంటే ఎక్కువ నవ్వింది. కళ్ళు తుడుచుకుంటూ, "ఆ చోటు ఆయనది. నేనూ పిన్నీ ఇంకాస్త ముందే వచ్చాం. నేను వచ్చిన చోటు ఇంకా రాలేదు" అంది.

"మరి నా వెనక ఎందుకు లేచావు?" అన్నాడు అతను.

"అప్పుడూ అంతేగా. నీ వెనకే లేచాను, పిన్ని చేత తిట్లు తిన్నాను. తాగు, చల్లారిపోతోంది."

మర్నాడు పొద్దున ఎండ కాసింది. ముగ్గురూ ముందు గుడికెళ్ళి పూజలో కూర్చున్నారు. తర్వాత మట్టి దగ్గరికెళ్ళారు. కొన్ని రేకులు మాత్రం పైకి తేలాయి. హెర్మీనా బకెట్టుతో నీళ్ళు పోసి కడిగింది. నీళ్ళ చప్పుడే తప్ప మరే చప్పుడూ రాలేదు. బల్తాసార్ వేలి కణుపుతో ఒకదాన్ని తట్టి చూశాడు. ఉత్త రేకు.

"పోనీలే" అన్నాడు. "బాకెత్, గుడి పక్కన మీ అన్న ఇస్తానన్న చోటు ఇంకా ఉందా?"

"ఎప్పట్నుంచి చెబుతున్నాను!"

రోడ్డుకి అవతల తమ మడి నిలబడే ఉంది. ఇంకొక్క వాన పడితే క్యాబేజీ కుళ్ళిపోతుంది. ముగ్గురూ కత్తులు అరువు తెచ్చుకుని మడిలోకి దిగారు. నేలంతా బురద కాబట్టి ఆ రేకుల్ని గట్టు మీద వరసగా పరిచారు. కోసిన క్యాబేజీని ఒక్కొక్కటీ వాటి మీద పేర్చుకుంటూ, మధ్యాహ్నానికి లారీ వచ్చేలోగా పని ముగించాలని చకచకా కోశారు.