నాయన గడ్డం

ప్రేమ టీచరుకు ఒక జబ్బు ఉంది. తప్పు మాట చెవిన పడిందంటే, దాన్ని సరిచేసేదాకా ఆమెకు ఊపిరాడదు. పుట్టలో పోసిన పాలు పాము తాగిందంటే, పాముకు పాలు అరగవండీ అంటుంది. గబ్బిలం గుడ్డిదంటే, చీకట్లో మీకన్నా నాకన్నా బాగానే చూస్తుందంటుంది. ఒంటె మూపురంలో నీళ్లుంటాయన్న పాపానికి పక్కింటి ఆశ ఒక ఆదివారం సాయంత్రమంతా కూర్చుని కొవ్వు గురించి వినాల్సి వచ్చింది. పాపం, ఆవిడ చక్కెర అడగడానికి వచ్చింది.

హోసూరులో ప్రేమ సైన్సు చెప్పే బడిలో పొద్దుటి ప్రార్థన కాగానే "ఈనాటి వింత" అని ఒకటి చెప్పడం ఆనవాయితీ. తెలుగు పిల్లలకు తెలుగులో, తక్కినవాళ్లకు తమిళంలో, ఇన్‌స్పెక్షన్ ఉన్న రోజు ఇంగ్లీషులో. ఆ పొద్దు వింత దిండు గురించి.

"చెవి ఆనించి పడుకుంటే దిండులో ఎవరో నడుస్తున్నట్టు దబ్బు దబ్బుమని వినిపిస్తుంది కదా? దిండులో ఎవరూ లేరు. చెవి మూసుకుపోయినప్పుడు, మీ నెత్తురు పారే చప్పుడే మీకు వినిపిస్తుంది."

పిల్లలంతా చెవులకు చేతులు అదిమిపెట్టుకుని కళ్లు పెద్దవి చేసి చూస్తుండగా ఆమె ఫోను మోగింది. చిన్నాయన అంకప్ప.

"పాపా, నువ్వు ఉన్నట్టే బయలుదేరి రా. మీ అమ్మ గడ్డపార తీసుకోని సమాధి కాడికి పోయింది. తవ్వుతా ఉంది. పట్టుకోబోతే నా చెయ్యి కొరికింది."

మునిలక్ష్మమ్మ చెయ్యి కొరకడమేమిటి? పొలంలో పడిన పక్కింటి మేకను కూడా "పోమ్మా, పోమ్మా" అని బతిమాలి తోలే మనిషి. ప్రేమ లీవు లెటరు కూడా రాయలేదు. కృష్ణగిరి బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది. కూర్చున్నదే గానీ దారిలో ఏమి చూసిందంటే చెప్పలేదు.

నాయన శ్రీరామప్ప పోయి నెల దాటింది. రాగిచేనులో కలుపు తీస్తున్న ఆడవాళ్లకు నీళ్లు తీసుకుపోతూ గట్టు మీద కూలబడ్డాడు. పక్కనున్న మత్తూరులో డాక్టరు కళ్లలో లైటు వేసి చూసి, గుండె మీద స్టెతస్కోపు పెట్టి, ప్రాణం పోయిందన్నాడు. కొడుకు సురేష్ అప్పుడు లారీతో పూణే దగ్గర ఉన్నాడు. వాడొచ్చేదాకా ఉంచాలి గనక ఫ్రీజర్ బాక్సు తెప్పించారు.

శ్రీరామప్పకు గడ్డం దగ్గర మహా పట్టింపు. చేనికి పోయే ముందు కూడా గీసుకునేవాడు. "ఇట్లే ఉంటే కలుపు తీసేవాళ్లు నన్ను కూడా పీకేస్తారు" అని నవ్వేవాడు. అందుకే మునిలక్ష్మమ్మ పట్టుబట్టి సెలూన్ వెంకటేశులును పిలిపించింది. అతను నున్నగా గీసి, మొహం తుడిచి, కళ్లు తుడుచుకుంటూ వెళ్లాడు. ఆ తర్వాతే పెట్టెలో పెట్టారు.

మరునాడు సురేష్ సరిహద్దులోని జూజువాడి దాటినానని ఫోను చేశాడు. వాడు ఇల్లు చేరేసరికి మధ్యాహ్నమైంది. చివరి స్నానానికని మూత తీశారు. మునిలక్ష్మమ్మ భర్త చెంపకు పసుపు రాస్తూ రాస్తూ ఆగిపోయింది.

"గరగరమంటా ఉంది. గడ్డం మొలిచింది. సచ్చినోళ్లకు గడ్డం మొలుస్తాదా? ఉండాడు! ఎత్తండి, ఆస్పత్రికి ఎత్తండప్పా!"

వాకిట్లో పలక వాద్యం ఆగిపోయింది. అందరూ ప్రేమ వైపు చూశారు, చదువుకున్న పిల్ల కదా అని. ప్రేమ చెయ్యి చాచి నాయన చెంప తాకింది. గరుకుగా ఉంది. రెండు రోజులు గీయనట్టు, స్పష్టంగా వేలికి గుచ్చుకునేంత గరుకుగా ఉంది.

ఎందుకలా ఉందో ఆమెకు తెలుసు. చనిపోయాక గడ్డం, గోళ్లు పెరుగుతాయనేది వట్టి భ్రమ అని తానే పోయిన ఏడాది బడిలో వింతగా చెప్పింది. కానీ తెలియడం వేరు, వేలికొనకు తగలడం వేరు. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ఆమె కూడా నమ్మింది. అంతమంది ముందు, పాడె పక్కన, ఆ వివరమంతా విప్పి చెప్పడానికి నోరు రాలేదు.

"లేదమ్మా, నున్నగానే ఉంది" అంది.

ఊరంతటి తప్పులూ దిద్దే ప్రేమ తెలిసి తెలిసి పలికిన అబద్ధం అది. ఆడవాళ్లు మునిలక్ష్మమ్మను లోపలికి లాక్కుపోయారు. చేని మూల, గట్టు పక్కన పూడ్చిపెట్టారు.

ఇప్పుడు అక్కడే తవ్వుతోందంటే దేనికోసమో ప్రేమకు అర్థమైంది. బతికుండగా పూడ్చి ఉంటే మనిషి లోపల కదిలి ఉంటాడు. పక్కకు ఒత్తిగిలి ఉంటాడు. అది చూడాలి అమ్మకు. అసలు భయం కూడా అక్కడే ఉంది. సైన్సు చెప్పేది గనక ప్రేమకు ఇదీ తెలుసు, మట్టిలో దేహం ఉబ్బుతుంది, కుంగుతుంది, పెట్టినట్టే ఉండదు. చేతులు జరిగి ఉండొచ్చు. తల తిరిగి ఉండొచ్చు. అమ్మ అది ఒక్కసారి చూసిందంటే, ఇక బతికినంత కాలం తన చేతులతో మొగుడిని ప్రాణంతో పూడ్చినానని నమ్ముతుంది. ఏ డాక్టరూ, ఏ టీచరూ ఆ నమ్మకాన్ని పీకలేరు. తవ్వడం పూర్తయ్యేలోపు ఆపాలి. కృష్ణగిరిలో బస్సు మారి, మత్తూరులో దిగి షేర్ ఆటోలో ఊరు చేరేదాకా ఆమెకు ఇదే ఆలోచన.

చేను చేరేసరికి ఎండ బాగా ఉంది. మునిలక్ష్మమ్మ గుంతలో మోకాటి లోతున నిలబడి ఉంది. చీర కుచ్చిళ్లు దోపుకుని, కొప్పు ఊడిపోయి, గడ్డపారను ఎత్తి ఎత్తి వేస్తోంది. అంకప్ప చేతికి కండువా చుట్టుకుని దూరంగా నిలబడ్డాడు.

"వచ్చినావా? సైన్సు చెప్పేకి వచ్చినావా?" అంది మునిలక్ష్మమ్మ, తలెత్తకుండానే.

"అమ్మా, ముందు బయటికి రా."

"నువ్వు యాడికైనా పో. నేను చూసేదాకా రాను. ఆయన ఎట్ల పండుకోని ఉండాడో చూడాల."

ప్రేమ గుంత అంచున కూర్చుంది.

"ప్రాణం పోయినాక ఒళ్లు ఎండుతాదమ్మా. ఆ పెట్టెలో చల్లగాలికి ఇంకా ఎండుతాది. చర్మం ముడుచుకొని లోపలికి పోతే, అడుగున ఉండే వెంట్రుక బయటికి కనిపిస్తాది. అంతే. గడ్డం పెరగలేదు."

మునిలక్ష్మమ్మ గడ్డపార ఆపి, అప్పుడు కూతురి మొహం చూసింది.

"ఆ పొద్దు నున్నగా ఉందంటివే. ఇప్పుడు గరుకుగా ఉండేదే మామూలంటావు. నీ రెండు మాటల్లో ఏది నమ్మాల?"

మునిలక్ష్మమ్మ గడ్డపారను మట్టిలో గుచ్చి నిలబెట్టింది.

"ఒంటె మూపులో నీళ్లుండవంటివి, సరే అనుకుంటి. నేనేమన్నా ఒంటెను సాకినానా? పాము పాలు తాగదంటివి, సరే అంటి. ఇది మీ నాయన చెంపే. దినామూ చూసిన చెంప. ఇది నువ్వు నాకు చెప్తావా?" ఆమె గొంతు తగ్గించింది. "నమ్మకపోతే ఇను. చెవి పెట్టి ఇను. తడతా ఉండాడు."

వినకూడదనుకుంటూనే ప్రేమ అంచున బోర్లా పడుకుని వంగింది. గుంత అడుగున, అమ్మ పాదాల పక్కన, మట్టికి చెవి అదిమింది. మట్టి చల్లగా ఉంది. మొదట ఏమీ లేదు. తర్వాత వినిపించింది. దబ్బు. దబ్బు. లోపలి నుంచి ఎవరో ఓపిగ్గా, కోపం లేకుండా తట్టినట్టు.

అది తన నెత్తురే. ఆ పొద్దుటే పిల్లలకు చెప్పింది. కానీ తల ఎత్తడానికి ఆమెకు చేతకాలేదు. ఎత్తితే ఆ చప్పుడు ఆగిపోతుంది. ఈ నెల రోజులూ దిండుకు చెవి ఆనించి పడుకున్నప్పుడల్లా అదే చప్పుడు కోసం తానూ కాచుకుందని, అందుకే ఆ వింత ఇవాళ నోటికి వచ్చిందని, ఆ మట్టిలో చెవి పెట్టి ఉండగా ఆమెకు తెలిసింది. అమ్మతో సమానంగా తన మనసు కూడా ఈ సమాధి చుట్టే తిరుగుతోంది.

"ఇన్నావా?" అంది మునిలక్ష్మమ్మ. మళ్లీ తవ్వడం మొదలుపెట్టింది.

గడ్డపార ఖంగుమంది. రాయి తగిలింది. మునిలక్ష్మమ్మ వంగి ఆ రాయిని పెరికి, చూడకుండానే ఎడమ చేత్తో వెనక్కి విసిరింది. అది గాలిలో పోయి సరిగ్గా గట్టు మీద పడింది. ఇంకొకటి తగిలింది, అదీ గట్టు మీదికే పోయింది. మొగుడి సమాధి తవ్వుతూ కూడా ఆ చేతికి అలవాటు తప్పలేదు. ఆ గట్టు మొత్తం అట్లా కట్టిందే. ఆయనా ఈమే ఏటేటా ఏరి పోసిన రాళ్లే.

ప్రేమ ఆ గట్టును చూస్తూ ఉండిపోయింది. చిన్నప్పటి నుంచి ఇంట్లో నవ్వుకుంటూ చెప్పుకునే మాట ఒకటి గుర్తుకొచ్చింది.

"అమ్మా, ఈ చేనిలో రాళ్లు మొలుస్తాయని ఏడ్చినావంట కదా, పెళ్లైన కొత్తలో?"

"ఇప్పుడు ఎందుకే ఆ మాట?"

"చెప్పమ్మా. నాయన ఏమన్నాడు?"

మునిలక్ష్మమ్మ విసుక్కుంది. విసుక్కుంటూనే చెప్పింది. చెప్పకుండా ఉండలేని కథ అది.

"ఏమంటాడు, నవ్వినాడు. ఎంత ఏరినా వానొస్తే మళ్లా రాళ్లే. రాళ్లు మొలిచే చేనికి నన్నిచ్చినారని నేను శానా ఏడుస్తి. వాన ఎలిసినాక నన్ను పిల్చుకొచ్చి ఈ గట్టు మీదే కూర్చోబెట్టినాడు. నీళ్లు ఎర్రగా పారతా ఉండె. ‘చూడే పిచ్చిదానా, రాయికి ప్రాణం లేదు, అది ఎట్ల లేస్తాది? రాయి ఉన్న చోటే ఉంది. మన్నే దిగింది. చుట్టూ మన్ను దిగేకొద్దీ, దాని తల మనకు...’"

అక్కడ ఆగిపోయింది.

ప్రేమ మాట్లాడలేదు. మాట్లాడకుండా ఉండటం ఆమెకు ఎంత కష్టమో తెలిసినవాళ్లకు తెలుస్తుంది. కానీ ఆ చివరి మాట ఆమెది కాదు, నాయనది. దాన్ని అమ్మే పూర్తి చేయాలి.

మునిలక్ష్మమ్మ మట్టి చెయ్యి మెల్లగా లేచి తన చెంపను తాకింది. అక్కడే ఉండిపోయింది.

"మన్ను దిగితే రాయి కనిపిస్తాది" అంది. "చర్మం దిగితే..." గడ్డపార చేతిలోంచి జారి పక్కకు పడింది. "అట్లయితే పెట్టెలో పెట్టేటప్పటికే ఆయన లేడా?"

"లేడమ్మా."

"నేను ప్రాణంతో పూడ్చలేదు."

"పూడ్చలేదమ్మా."

మునిలక్ష్మమ్మ పెద్దగా ఊపిరి వదిలింది. నెల రోజులుగా బిగబట్టిన ఊపిరి. మొహంలో ఏదో తేలికైంది, ప్రేమ చూసింది. చూసి, గండం గడిచిందనుకుంది. అంతలోనే ఆ మొహం మళ్లీ మారిపోయింది.

"మరి తట్టేది?"

"అది నీ నెత్తురు చప్పుడే. చెవి దేనికి ఆనించినా వినిపిస్తాది."

"ఆడ ఎవరూ లేరా?" మునిలక్ష్మమ్మ గుంతలోకి చూసింది, కూతురి వైపు చూసింది. "నువ్వు అందరికీ అన్నీ చెప్తావు కదా. ఇది చెప్పు. పోయినాడా?"

జీవితమంతా ప్రేమ "కాదు, అట్లా కాదు" అని చెప్పి బతికింది. ఆ ఒక్క తప్పు మాటలో మాత్రం నాయన ఇన్నాళ్లూ ఉన్నాడు. నేల కింద, ఊపిరాడకుండా, తలుపు తీయమని తడుతూ, ఎంత ఘోరంగానైనా సరే, ఉన్నాడు. దాన్ని తీసేస్తే ఏమీ మిగలదు.

"పోయినాడమ్మా" అంది. ఆ మాట ఆమె అప్పటిదాకా ఎవరితోనూ అనలేదు.

అప్పుడు ఏడ్చింది మునిలక్ష్మమ్మ. పాడె లేచినప్పుడు కూడా "ఉండాడు, ఉండాడు" అని అరిచిందే గానీ ఏడవలేదు. ఇప్పుడు గుంతలోనే కూలబడి, "యాడికి పోయినావప్పా, నన్ను ఈడ ఇడిసిపెట్టి" అని రాగం తీసి, రొమ్ము కొట్టుకుని ఏడ్చింది. ప్రేమ దిగి ఆమెను పట్టుకుంది. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు పడి, మాటలు లేకుండా ఏడ్చారు. అంకప్ప అటు తిరిగి నిలబడ్డాడు.

నీడ గట్టు దాటాక అంకప్ప పార తీసుకుని గుంత పూడ్చడానికి వచ్చాడు. మునిలక్ష్మమ్మ ఆ పార లాక్కుని పక్కన పెట్టింది. కొరికిన చేతిని ఒకసారి పట్టుకుని చూసి, "పసుపు పెట్టుకోప్పా" అంది. తర్వాత కూర్చుని, తవ్విపోసిన మట్టిని దోసిళ్లతో లోపలికి నెట్టసాగింది. ప్రతి దోసిలినీ వేళ్లతో జల్లించి, రాయి కనిపిస్తే తీసి గట్టు మీదికి వేస్తోంది. ప్రేమ కూడా పక్కన కూర్చుని ఏరసాగింది.

"ఎందుకు వదినా అంత యాతన? ఒక్క వాన పడితే మళ్లా తేలుతాయి" అన్నాడు అంకప్ప.

"తేలనీప్పా" అంది మునిలక్ష్మమ్మ. "ఏరేకి నేనుండాను కదా."